ఆమ్ల నేలకు సున్నం: ఏది కొనాలి, ఎంత వేయాలి, ఎలా చల్లాలి

మీరు అడిగింది ఇదీ: రెండెకరాల ఎర్ర నేల, భూసార పరీక్షలో పీహెచ్, అంటే నేల పులుపును చూపే అంకె, 5.2 వచ్చింది, ఎకరానికి టన్ను సున్నం వేయమని రిపోర్టులో రాశారు. కొనడానికి వెళితే రాతి సున్నపు పొడి, డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉన్న సున్నపురాయి పొడి), జిప్సం అని మూడు రకాల బస్తాలు చూపించారు, మూడింటికీ మూడు రేట్లు. ఏది తీసుకోవాలి, ఎలా చల్లాలి, వచ్చే నెలలో విత్తుకోవచ్చా అన్నది మీ సందేహం. అన్నిటికీ చెబుతాను. కొనే విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే రైతు డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా అక్కడే.

ముందుగా జిప్సం బస్తా పక్కన పెట్టేయండి. అందులోనూ కాల్షియం ఉంది కదా అని చాలామంది అనుకుంటారు. నేలలో ఆమ్లాన్ని విరిచేది కాల్షియం కాదు, దానితో పాటు ఉండే కార్బొనేట్. అది ఆమ్లంతో కలిసి నీరుగా, బొగ్గుపులుసు వాయువుగా మారిపోతుంది, ఆమ్లం అంతటితో ఖర్చయిపోతుంది. జిప్సంలో ఉండేది సల్ఫేట్. దానికి ఆ పని చేతకాదు. ఎన్ని బస్తాలు వేసినా పీహెచ్ పెరగదు. జిప్సం మంచిదే, కాకపోతే దాని పని వేరు: చౌడు నేలలో సోడియంను దించడానికి, వేరుశనగ ఊడలు దిగే వేళ కాయకు కాల్షియం అందించడానికి, నేల లోపలి పొరల్లో అల్యూమినియం బెడద ఉన్నచోట దాన్ని కొంత తగ్గించడానికి. మీ సమస్యకు అది మందు కాదు. దీనికి తిరగేసి, చౌడు నేలకు సున్నం వేయడం కూడా అంతే తప్పు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పైరు గిడసబారగానే పరీక్ష లేకుండా సున్నం కొట్టేవాళ్లు ఉన్నారు. మీరు పరీక్ష చేయించి అడిగారు, సంతోషం.

పీహెచ్ 5.2 అంటే ఎంత పులుపో అంకెను బట్టి తెలియదు. ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. 6.2 ఉన్న నేలతో పోలిస్తే మీ నేలలో ఆమ్లం పది రెట్లు ఎక్కువ. 5.5 కన్నా కిందికి దిగిన కొద్దీ మట్టిలో బిగుసుకుని ఉన్న అల్యూమినియం కరిగి వేళ్ల దగ్గరికి వస్తుంది. అసలు దెబ్బ అది కొట్టేదే. ఈసారి పొలంలో బాగా వెనకబడిన మొక్క ఒకటి, మట్టితో సహా పెళ్లగించి నీళ్లలో మెల్లగా కడిగి చూడండి. సన్నటి పీచు వేళ్లు దాదాపు ఉండవు. ఉన్న వేళ్లు పొట్టిగా, లావుగా, కొసలు గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి. అలాంటి వేరు కిందికి దిగదు, నాలుగు రోజులు వాన లేకపోతే మొక్క వాడిపోతుంది. భాస్వరం ఎరువు వేసినా ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి. పప్పుజాతి పైర్లలో వేరు బుడిపెలు సరిగా కట్టవు. ఎరువు మోతాదు పెంచుకుంటూ పోతే ఇవేవీ బాగుపడవు.

ఇక టన్ను అన్న లెక్క. పక్క పొలం వాళ్లకు కూడా 5.2 వచ్చినా వాళ్లకు అర టన్నే చాలవచ్చు, లేదా రెండు టన్నులు పట్టవచ్చు. పీహెచ్ మీటర్ చూపించేది నీటిలో తేలి ఉన్న ఆమ్లాన్ని మాత్రమే. అంతకు ఎన్నో రెట్లు ఆమ్లం బంకమట్టికీ, సేంద్రియ పదార్థానికీ అంటుకుని దాగి ఉంటుంది. పైనున్నది విరిగిపోగానే అది బయటికి వస్తూ ఉంటుంది. ఇసుక నేలలో ఈ నిల్వ తక్కువ, బరువు నేలలో ఎక్కువ. అందుకే ల్యాబులు బఫర్ పీహెచ్ అనే రెండో కొలత తీసి, దాన్నిబట్టి సున్నం మోతాదు చెబుతాయి. మీ రిపోర్టులో ఆ కొలత ఉందో లేదో చూడండి. లేకపోతే ల్యాబు వాళ్లను మూడు ప్రశ్నలు అడగండి: మోతాదు దేన్నిబట్టి ఇచ్చారు, ఎంత లోతు మట్టికి ఇచ్చారు, ఎంత స్వచ్ఛమైన సున్నానికి ఇచ్చారు. సాధారణంగా 15 సెంటీమీటర్ల లోతుకు, నూటికి నూరు పాళ్లు పనిచేసే సున్నానికి లెక్క కడతారు. మీరు కొనే బస్తా అలా ఉండదు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

సున్నం బస్తాలో రెండు విషయాలు చూడాలి. మొదటిది దాని ఆమ్లం విరిచే శక్తి. స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్‌ను 100 అనుకుని మిగతావాటిని దానితో పోలుస్తారు. స్వచ్ఛమైన డోలమైట్ 108 దాకా ఉంటుంది. కాల్చిన సున్నం, అంటే పొడిసున్నం, 179. దానికి నీళ్లు పోసి విరిస్తే వచ్చే సున్నం 135. మామూలు రాతి సున్నంలో మట్టి, ఇసుక కలిసి ఉంటాయి కాబట్టి 80 నుంచి 95 మధ్య ఉన్న సరుకు ఎక్కువగా దొరుకుతుంది. ఈ అంకె బస్తా మీదో, పరీక్ష కాగితంలోనో ఉండాలి. అడిగితే చూపించలేని సరుకు ఎంత చవకైనా వద్దు.

రెండోది మెత్తదనం. నా దృష్టిలో దీన్ని పట్టించుకునేవాళ్లే తక్కువ, అసలు తేడా వచ్చేది మాత్రం దీనివల్లే. రాతి సున్నం నీటిలో అంతగా కరగదు. ఒక్కో రేణువు తన చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మేర మట్టిని మాత్రమే బాగుచేస్తుంది. అదే బరువును మెత్తగా రుబ్బితే రేణువుల సంఖ్య పెరిగి, మట్టిని తాకే చోట్లు లక్షల్లో పెరుగుతాయి. పావు మిల్లీమీటరు కన్నా సన్నటి పొడి, అంటే 60 మెష్ జల్లెడలో (అంగుళం పొడవున 60 కన్నాలున్నది) దిగేది, మంచి తేమ ఉంటే ఏడాదిలోపే దాదాపు పూర్తిగా పనిచేస్తుంది. 8 మెష్ జల్లెడ మీద నిలిచిపోయే గరుకు, అంటే రెండు మిల్లీమీటర్లు దాటిన పలుకులు, పదేళ్లయినా పొలంలో రాళ్లలాగే పడి ఉంటాయి. మధ్య రకం సగం సగం.

ల్యాబు లేకుండా దీన్ని మీరే ఒక మాదిరిగా చూసుకోవచ్చు. బస్తా పైనుంచి కాకుండా మధ్యలోంచి గుప్పెడు తీసి ఎండబెట్టండి. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలపండి. పిండిలా జారిపోతే మంచిది, సన్న ఇసుకలా గీరుకుంటే మధ్యరకం, పలుకులు తగిలితే ఆ మేరకు మీరు డబ్బు పెట్టి కంకర కొంటున్నట్టే. తర్వాత 100 గ్రాములు తూచి బాగా సన్నటి జల్లెడలో జల్లించి, పైన ఎంత మిగిలిందో తూచండి. సగానికి పైగా మిగిలితే ఆ సరుకు వదిలేయండి. ఇంకో చిన్న పరీక్ష: చెంచాడు పొడి మీద కొంచెం వెనిగర్ పోయండి. సున్నపురాయి పొడి బుసబుసా పొంగుతుంది, డోలమైట్ నెమ్మదిగా బుడగలు వదులుతుంది, జిప్సం కదలదు. తెల్లగా ఉన్న ప్రతి పొడీ సున్నం కాదు కాబట్టి ఈ పరీక్ష చాలాచోట్ల అక్కరకొస్తుంది.

ఇప్పుడు ఈ రెండు అంకెలూ కలిపి లెక్క వేద్దాం. ఒక బస్తా మీద శక్తి 90 శాతం అని ఉంది. అందులో 60 పాళ్లు మెత్తటి పొడి, 30 పాళ్లు మధ్యరకం, 10 పాళ్లు గరుకు. మెత్తటి పొడికి పూర్తి విలువ, మధ్యరకానికి సగం, గరుకుకు సున్నా ఇస్తే 60 కి 15 కలిపి 75 వస్తుంది. 90 శాతంలో 75 శాతం అంటే 67.5. అంటే ఈ సరుకులో నిజంగా పనికొచ్చేది మూడింట రెండు వంతులే. మీ ల్యాబు చెప్పిన ఒక టన్ను అందాలంటే ఎకరానికి సుమారు 1,480 కిలోలు వేయాలి. ఇంకో బస్తా మీద శక్తి 85 అనే ఉంది, కానీ 95 పాళ్లు మెత్తటి పొడి, 5 పాళ్లు మధ్యరకం. దాని లెక్క దాదాపు 83 కి తేలుతుంది, ఎకరానికి 1,206 కిలోలు చాలు. చూశారుగా, బస్తా మీద తక్కువ అంకె ఉన్న సరుకే పొలంలో ఎక్కువ పనిచేస్తోంది. మొదటిది టన్ను రేటులో దాదాపు ఐదో వంతు తక్కువకు వస్తే తప్ప గిట్టుబాటు కాదు. రేటు అన్నప్పుడు రవాణా, దింపుడు కూలీ, చల్లే ఖర్చు కూడా కలుపుకోండి, ఎందుకంటే అవన్నీ బరువునుబట్టే పెరుగుతాయి. లూజుగా ట్రాక్టరు మీద తోలే సరుకులో తేమ కూడా ఉంటుంది. పది శాతం తేమ ఉంటే టన్నుకు 100 కిలోలు నీళ్లే కొన్నట్టు.

రాతి సున్నమా, డోలమైటా అన్నదానికి మీ రిపోర్టులోనే జవాబు ఉంటుంది. మెగ్నీషియం తక్కువని రాసి ఉంటే డోలమైట్ తీసుకోండి, ఒకే ఖర్చుతో రెండు పనులు జరుగుతాయి. మెగ్నీషియం సరిపడా ఉంటే మామూలు రాతి సున్నమే మేలు. డోలమైట్ కాస్త నిదానంగా కరుగుతుంది, కాబట్టి దాన్ని కొనేటప్పుడు మెత్తదనం మరింత గట్టిగా చూడాలి. కాల్చిన సున్నం, విరిచిన సున్నం తక్కువ బరువుతో త్వరగా పనిచేస్తాయి, నిజమే. కానీ చల్లడం కష్టం, ఒంటికి తగిలితే మంట, కొంచెం ఎక్కువైతే పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. మీకు మూడు నెలల వ్యవధి ఉంటే వాటి జోలికి వెళ్లొద్దని నా సలహా. గుల్ల సున్నం కాల్చినదైతే వీటి కోవలోకే వస్తుంది, గవ్వలూ ఆల్చిప్పలూ కాల్చకుండా రుబ్బినదైతే రాతి సున్నంలాంటిదే.

గుళికల సున్నం, ద్రవ సున్నం అని అమ్మేవి కూడా ఉన్నాయి. గుళికలంటే మెత్తటి సున్నపు పొడిని బంకతో ఉండకట్టినవి, ద్రవం అంటే అదే పొడిని నీళ్లలో కలిపినది. చల్లడం తేలిక, దుమ్ము లేవదు. అంతవరకు మంచివే. అయితే ఎకరానికి 50 కిలోలు వేస్తే టన్ను వేసినట్టే అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఒక కిలో కార్బొనేట్ ఏ రూపంలో ఉన్నా ఒక కిలో చేయగలిగినంత పనే చేస్తుంది. కట్టె బూడిదకు కూడా ఆమ్లం విరిచే గుణం ఉంది, పొటాష్ కూడా ఇస్తుంది. పెరటి మడికి బాగుంటుంది, రెండెకరాలకు సరిపడా పోగుచేయడం అయ్యేపని కాదు.

చల్లే సంగతికి వద్దాం. రెండో సరుకు కొన్నారనుకుంటే ఎకరానికి సుమారు 1,200 కిలోలు, అంటే సెంటుకు 12 కిలోలు. యాభై కిలోల బస్తా నాలుగు సెంట్లకు కొంచెం పైన వస్తుంది. పొలాన్ని తాడుతోనో, పుల్లలు పాతో నాలుగేసి సెంట్ల గళ్లుగా విడగొట్టి, ప్రతి గడి మధ్యలో ఒక బస్తా దింపించండి. దింపేటప్పుడే లెక్క సరిపోతుంది, చివర్లో ఒక మూల బస్తాలు మిగిలిపోయి ఇంకో మూలకు చాలకపోవడం ఉండదు. ప్రతి గడిలో సగం సున్నం ఉత్తర దక్షిణాలుగా నడుస్తూ, మిగతా సగం తూర్పు పడమరలుగా నడుస్తూ చల్లండి. ఒకే దిక్కున చల్లితే చేతి విసురు ఆగినచోట సందు పడుతుంది, ఆ సందులో పైరు పొట్టిగా, పక్కన పచ్చగా చారలు చారలుగా కనిపిస్తుంది. నేను చూసిన పొలాల్లో సున్నం పనిచేయలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి ఈ చారలే కారణం.

కూలీలతో చల్లించేటప్పుడు మోతాదు కంటికి తెలియాలంటే ఇలా చేయండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు పట్టా నేలమీద పరిచి, దానిమీద 150 గ్రాములు తూచి సమంగా చల్లి చూపించండి. ఒక దిక్కు నడకలో నేల అంత తెల్లగా కనబడాలి. రెండు నడకలకు కలిపి చదరపు మీటరుకు 300 గ్రాములు అవుతుంది, అదే సెంటుకు 12 కిలోలు. పని మధ్యలో ఒకట్రెండుసార్లు ఆ పట్టాను వాళ్ల దారిలో పరిచి, దానిమీద పడింది తూచండి. తిరిగే పళ్లెం ఉన్న యంత్రంతో చల్లిస్తే మెత్తటి పొడి దగ్గర్లోనే పడిపోతుంది, గరుకు దూరంగా ఎగురుతుంది. అందుకే యంత్రం విసిరే వెడల్పు ఎంతని చెప్పినా, ఒక చాలుకూ ఇంకో చాలుకూ మధ్య బాగా ఒరుసుకునేలా నడపమని చెప్పండి. దారికి అడ్డంగా వరుసగా పళ్లాలు పెట్టి ఒక్కో పళ్లెంలో పడింది చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

గాలి లేని పొద్దు చూసుకోండి. నేల పొడిగా ఉండాలి, మంచు తడి మీద చల్లితే సున్నం ఉండలు కట్టి ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. విరిచిన సున్నం, కాల్చిన సున్నం అయితే చేతికి గ్లవ్స్ కూడా ఉండాలి, అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పడిన వెంటనే ధారాళంగా నీళ్లతో పావుగంట కన్నా ఎక్కువ సేపు కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చల్లిన తర్వాత కలపడం. దీన్ని కూలీ మిగులుతుందని వదిలేస్తే మొత్తం ఖర్చు సగం పనికే ఆగిపోతుంది. సున్నం తనంతట తాను నేలలోకి దిగదు, పైన వదిలేస్తే ఏడాదికి సెంటీమీటరో అంతకు కాస్త అటూ ఇటో కదులుతుంది. ఒక్క లోతు దుక్కి చేసి తిరగేస్తే సున్నమంతా నాగటి చాలు అడుగున ఒక తెల్లటి పొరగా పడిపోతుంది, పైన ఆరంగుళాలు పులుపుగానే మిగులుతుంది. సగం సున్నం చల్లి దున్నండి, మిగతా సగం చల్లి గొర్రుతోనో రోటవేటర్‌తోనో అడ్డంగా, నిలువుగా రెండుసార్లు తోలండి. తర్వాత మట్టి గడ్డ ఒకటి పగలగొట్టి చూడండి. లోపల కూడా తెల్లటి చుక్కలు అక్కడక్కడా కనిపిస్తే బాగా కలిసినట్టు. దున్నకుండా సాగు చేసేవాళ్లు మోతాదు తగ్గించి, పైపైన ఎక్కువసార్లు వేసుకోవాలి.

వచ్చే నెలలో విత్తుకోవచ్చా అన్నారు. విత్తితే ముప్పేమీ లేదు, రాతి సున్నం మొలకను కాల్చదు. కాకపోతే ఈ పంటకు పూర్తి ఫలితం ఆశించొద్దు. తేమ ఉన్న నేలలో మెత్తటి భాగం కొన్ని వారాల్లో పని మొదలుపెడుతుంది, కంటికి కనిపించే మార్పుకు మూడు నుంచి ఆరు నెలలు, పూర్తి ఫలితానికి ఏడాది పైనే పడుతుంది. ఎండిన నేలలో అసలు ఏమీ జరగదు, అది బస్తాలో ఉన్నా ఒకటే పొలంలో ఉన్నా ఒకటే. కాబట్టి పంట కోసిన వెంటనే, నేల ఖాళీగా ఉండి ముందు వానలు ఉన్నప్పుడు వేయడం అన్నిటికన్నా మంచి అదను. విరిచిన సున్నం వేస్తే మాత్రం విత్తడానికి రెండు మూడు వారాల వ్యవధి ఇవ్వండి.

యూరియా, అమ్మోనియం సల్ఫేట్, పశువుల ఎరువు సున్నంతో కలిపి వేయొద్దు, ఒకే రోజు ఒకే చోట పడనివ్వొద్దు. నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది, ఘాటు వాసన వస్తే పోతున్నది మీ డబ్బే. సూపర్ ఫాస్ఫేట్‌తో కలిపితే భాస్వరం కరగని రూపంలోకి మారుతుంది. సున్నం వేసి కలియదున్నాక కనీసం రెండు వారాలు ఆగి ఎరువుల సంగతి చూసుకోండి.

ఎక్కువ వేస్తే ఇంకా మంచిదేమో అన్న ఆశ కొందరికి ఉంటుంది. దయచేసి ఆ పని చేయొద్దు. పీహెచ్ ఎక్కువైతే జింకు, ఇనుము, మాంగనీసు, బోరాన్ మొక్కకు అందకుండా పోతాయి, లేత ఆకులు పాలిపోతాయి. ఎక్కువైన సున్నాన్ని నేలలోంచి వెనక్కి తీయడం దాదాపు అసాధ్యం. చాలా పంటలకు 6 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు. తేయాకు లాంటివి ఆమ్ల నేలనే కోరుకుంటాయి. బంగాళాదుంపకు సున్నం మితిమీరితే గజ్జి తెగులు పెరుగుతుంది. వరి అయితే, నీళ్లు నిలిచిన మడిలో కొన్ని వారాలకు పీహెచ్ తనంతట తానే తటస్థం వైపు పెరుగుతుంది, కాబట్టి మెట్ట పంటల్లో కనిపించినంత తేడా అక్కడ కనిపించదు. మీ మోతాదు మామూలుదే, ఒకేసారి వేయొచ్చు. ల్యాబు చెప్పింది దీనికి రెండు మూడు రెట్లు ఉంటే మాత్రం రెండు ఏళ్లుగా విడగొట్టి, మధ్యలో మట్టి పరీక్ష చేయించి వేసుకోవాలి.

ఇదంతా చేసి వాడే ఎరువు మార్చకపోతే నేల మళ్లీ పులుస్తుంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1856లో మొదలైన గడ్డి భూమి ప్రయోగం ఇప్పటికీ నడుస్తోంది. ఏటా అమ్మోనియం సల్ఫేట్ వేస్తూ సున్నం వేయని మడుల్లో పీహెచ్ 4 కన్నా కిందికి పడిపోయింది, రకరకాల గడ్డి, పూల మొక్కలు ఉన్నచోట ఆమ్లాన్ని తట్టుకునే ఒకట్రెండు రకాలే మిగిలాయి. సోడియం నైట్రేట్ రూపంలో నత్రజని ఇచ్చిన మడులు అలా పాడవలేదు. లెక్క చూస్తే, 100 కిలోల అమ్మోనియం సల్ఫేట్ పుట్టించే ఆమ్లాన్ని విరవడానికి సుమారు 110 కిలోల స్వచ్ఛమైన సున్నం కావాలి, 100 కిలోల యూరియాకు 80 కిలోల పైన. మీరు ఏటా వేసే నత్రజని బస్తాలు గుణించుకుంటే, ఎన్నేళ్లకు మళ్లీ సున్నం అవసరమవుతుందో మీకే ఒక అంచనా వస్తుంది. ఆమ్ల నేల ఉన్నవాళ్లు అమ్మోనియం సల్ఫేట్ మానేస్తేనే మంచిది.

చివరగా, పొలం మధ్యలో ఒక రెండు మీటర్ల పట్టీ సున్నం వేయకుండా వదిలి, రెండు చివరలా రాళ్లు పాతి గుర్తు పెట్టుకోండి. ఏడాది తర్వాత ఆ పట్టీలోని మట్టి ఒక సంచిలో, పక్కన సున్నం వేసిన మట్టి ఇంకో సంచిలో, ఒకే లోతు నుంచి, ఒకే రోజు తీసి ఒకే ల్యాబుకు పంపండి. ఎండాకాలం తీసిన నమూనాకూ వానాకాలం తీసినదానికీ పీహెచ్‌లో తేడా వస్తుంది, కాబట్టి ఇప్పుడు తీసిన నెలలోనే అప్పుడూ తీయండి. పరీక్ష నీళ్లతో చేశారా, కాల్షియం క్లోరైడ్ ద్రావణంతో చేశారా అన్నది కూడా రెండుసార్లూ ఒకటే ఉండాలి, రెండోదాంట్లో అంకె అర పాయింటు పైనే తక్కువ చూపిస్తుంది. ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి చాలు. మీ రిపోర్టులో మెగ్నీషియం అంకె, సరుకు పరీక్ష కాగితం రెండూ ఇక్కడ పెడితే మీ పొలానికి సరిపోయే బస్తాల లెక్క వేసి చెబుతాను.